కుళ్ళు మోసుకుని కాణిపాకం దాకా

రేణిగుంటలో నేను కొన్ని వందలసార్లు దిగి ఉంటాను. తిరుపతి ఊరు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. డెబ్భై మంది పట్టే చిన్న విమానం నాది. బెంగుళూరులో లేచి రేణిగుంటలో దిగుతాం, గుండ్లు కొట్టించుకుని లడ్డూ సంచులతో నిలబడ్డవాళ్ళని ఎక్కించుకుంటాం, అరగంటలో మళ్ళీ లేస్తాం. కాకినాడలో మా చుట్టాలందరూ నేను వారానికి మూడుసార్లు స్వామి దర్శనం చేసుకుంటున్నానని నమ్ముతారు. నేను చూసేది దూరంగా కొండ, దగ్గరగా ఇంధనం లారీ. అంతే.

అందుకే ఈసారి రోడ్డు మీద వెళ్ళాను. అలా అంటే భక్తితో వెళ్ళాననుకుంటారేమో. నన్ను తీసుకువెళ్ళింది కుళ్ళు. ముందే చెప్పేస్తే నాకూ తేలిక, మీకూ తేలిక.

మునిరత్నం, నేను ఒకే చోట విమానం నడపడం నేర్చుకున్నాం. ఒకే గదిలో ఉన్నాం. అతనిది చిత్తూరు పక్కన ఐరాల. మా వృత్తిలో బేస్ అని ఒకటుంటుంది. డ్యూటీ మొదలయ్యే ఊరన్నమాట. ఆ ఊళ్ళోనే కాపురం పెట్టి ఇచ్చిన జీతం తీసుకోవడం ఒక పద్ధతి. జీతం ఎక్కడ ఎక్కువిస్తే అక్కడ చేరి, ఇల్లు మాత్రం సొంతూళ్ళో పెట్టుకుని విమానాల్లో రాకపోకలు చేయడం రెండోది. నేను మొదటిది ఎంచుకున్నాను. బెంగుళూరు విమానాశ్రయానికి ఇరవై నిమిషాల దూరంలో అద్దె ఇల్లు, రాత్రికి ఇంట్లో నిద్ర, చాలీచాలని జీతం. అతను గల్ఫ్ కంపెనీలో చేరాడు. నెలకు ఇరవై రోజులు అక్కడ, పది రోజులు ఐరాలలో. జీతం నాదానికి రెట్టింపు పైనే. పదకొండేళ్ళుగా ఇద్దరిలో ఎవరు తెలివైనవాడో తేల్చుకోలేక నేను ఒక్కడినే అవస్థ పడుతున్నాను. అతనికి ఆ అనుమానమే ఉన్నట్టు కనబడదు.

జూన్ మధ్యలో ఒకరోజు ఫోన్ చేసి, మీ కంపెనీలో బెంగుళూరు బేస్‌కి కెప్టెన్ల ఖాళీలేమైనా ఉన్నాయా అని అడిగాడు. సరిగ్గా ఆ ఉదయమే మాకు లోపలి మెయిల్ వచ్చింది. ఆరుగురు కెప్టెన్లు కావాలి, నెలాఖరు గడువు, తెలిసినవాళ్ళుంటే చెప్పండి అని. నేను లేవన్నాను. అన్నీ నిండిపోయాయన్నాను. నోరు దానంతటదే అంది. పదకొండేళ్ళు అంత జీతం తిని, తోట కొని, ఇల్లు కట్టి, ఇప్పుడు తీరిగ్గా వచ్చి నాలాగా ఇంటిపట్టున కూడా ఉంటానంటే ఒళ్ళు మండదా? మనిషికి రెండిట్లో ఒకటే ఉండాలి. నాకు ఒకటే కదా ఉంది.

వారం తిరక్కుండా అతని భార్య భువనేశ్వరి ఫోన్ చేసింది. ఆయన సెలవు మీద వచ్చి ఉన్నాడు, మీరు తప్పకుండా ఒకసారి రావాలి అంది. ఎందుకో చెప్పలేదు. వెళ్ళకపోతే అనుమానం వస్తుంది, వెళితే ఆ ఇల్లెంతుందో చూడొచ్చు. రెండు రోజులు సెలవు కలిసొచ్చింది. బస్సెక్కాను.

పలమనేరు

కండక్టర్ నలభై ఐదేళ్ళ ఆవిడ. ముందు సీట్లో నా పక్కనే కూర్చుంది. పలమనేరు దగ్గరపడుతుండగా కిటికీలోంచి వేలు చూపించి, "అదో సార్, పచ్చ గేటు ఇల్లు, మాదే" అంది. గేటు ముందు ఒక ఆవు, ఒక స్కూటరు, ఆరేసిన బట్టలు. బస్సు ఆగలేదు.

ఆవిడ డిపో చిత్తూరు. డ్యూటీ దిగేది అక్కడే. ఇంటి ముందు నుంచే రోజూ వెళ్తుంది గానీ దిగడానికి లేదు. చిత్తూరు పోయి టిక్కెట్ల మిషన్ అప్పగించి, మళ్ళీ ఇంకో బస్సు పట్టుకుని వెనక్కి రావాలి. డిపో పక్కనే ఇల్లు తీసుకోవచ్చు కదా అని ఉచిత సలహా ఇచ్చాను. నా జీవితమంతా ఆ సలహా మీదే నిలబడి ఉంది మరి. ఆవిడ నన్ను అమాయకుణ్ణి చూసినట్టు చూసింది.

"నాలుగావులుండాయి సార్. వాటిని చిత్తూరికి తోలకపోయి యాడ కట్టేసేది?"

ఆవులున్న పైలట్లు మాలో లేరు మరి. పలమనేరు బస్టాండులో కాఫీ పదిహేను రూపాయలు. చిక్కటి పాలు. మా ఇంటి దగ్గర ఇదే కాఫీకి నలభై తీసుకుని పైన నురగ పోస్తారు. మొగిలి ఘాట్‌లో డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో మాటలు నడుపుతుంటే, నేను లేని బ్రేకు తొక్కుతూ కూర్చున్నాను. ఆవిడ నవ్వు ఆపుకుంది.

చిత్తూరు

జూన్ నెల. తోతాపురి కోతలు. రసం ఫ్యాక్టరీల ముందు మామిడికాయల ట్రాక్టర్లు కిలోమీటరు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. ఒక్కో రైతు రెండేసి రోజులు అక్కడే ట్రాక్టరు కింద పడుకుంటాడట. ఊరంతా పుల్లటి తీపి వాసన. మాకు గోదావరి వైపు మామిడంటే రసాలు, బంగినపల్లి. పిండుకుని తినాలి, వేళ్ళు నాకాలి. ఇక్కడ కోసి ఉప్పూ కారం అద్ది పదిరూపాయలకు అమ్ముతున్నారు. రెండు పొట్లాలు తిన్నాను. పళ్ళు పులిశాయి.

ఆటో అతను ఐరాలలో ఎవరింటికి అన్నాడు. చెప్పగానే మొహం వెలిగింది.

"ఆయప్ప ఇంటికా? మావోడే సార్. మూడొందలు, నాలుగొందలు మంది కూసునే ఏరోప్లేను తోల్తాడు."

దారంతా మునిరత్నం గురించే. బడికి నీళ్ళ యంత్రం పెట్టించాడు, ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా కారు పంపిస్తాడు, దుబాయి నుంచి ఖర్జూరాలు తెచ్చి పంచుతాడు. ఇంతకీ మీరేం చేస్తారు సార్ అన్నాడు చివరికి. నేనూ పైలట్నే అన్నాను. ఎంత పెద్దది అని అడిగాడు. డెబ్భై మందిది అన్నాను. కాసేపు లెక్కవేసుకుని, మా లగ్జరీ బస్సుకి రెండింతలు ఉంటాదే అని ఓదార్చాడు. మూడొందలు అడగాల్సిన చోట నాలుగొందలు తీసుకున్నాడు. ఆ కోపం కూడా మునిరత్నం ఖాతాలోనే రాసుకున్నాను.

ఐరాల

ఇల్లు చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. విశాలమైన వసారా, వెనక ఎనిమిదెకరాల తోట, కోతకు సిద్ధంగా వేలాడుతున్న కాయలు. మా అద్దె ఇంట్లో బాల్కనీలో వాషింగ్ మెషీను పెడితే మనిషి పక్కకు తిరిగి నడవాలి. మునిరత్నం లుంగీ కట్టుకుని ఎదురొచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. పొట్ట కూడా రాలేదు వెధవకి.

భోజనానికి రాగి సంగటి, నాటుకోడి పులుసు, వేరుశనగలు పచ్చిమిరపకాయలు దంచిన ఊరుబిండి, ఆఖర్న ఓళిగలు. మా బొబ్బట్లే గానీ ఇక్కడ పల్చగా, చేటంత వెడల్పుగా చేస్తారు. పాలు పోసుకుని తింటారు. నెలకు ఇరవై రోజులు ఇంట్లో లేని మనిషికి ఇన్ని వంటలా అని లోపల లోపల రగిలిపోతూ నాలుగు తిన్నాను.

అతను ఫోన్ వచ్చి తోటలోకి వెళ్ళినప్పుడు భువనేశ్వరి అసలు విషయం చెప్పింది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. తోట పని, కూలీలు, ఫ్యాక్టరీతో ధర దగ్గర గొడవ, అన్నీ ఆమే చూసుకుంటుంది. గొంతు పెంచకుండా మాట్లాడుతుంది.

రెండేళ్ళ కిందట ఆమె తండ్రి పోయాడు. మునిరత్నానికి అప్పుడే డ్యూటీ అయిపోయింది. ఇంటికి రావలసినవాడే. కానీ రాకపోకలు చేసే పైలట్లకు టిక్కెట్టు కొన్న సీటు ఉండదు. విమానంలో ఖాళీ మిగిలితేనే ఎక్కనిస్తారు. మూడు విమానాలు నిండిపోయి వెళ్ళిపోయాయి. మూడో రోజుకు వచ్చాడు.

"మా నాయనకి కొడుకుల్లేరన్నా. అల్లుడే కొరివి పెట్టాలని ఉండె ఆయనకి. మా చిన్నాయన కొడుకు పెట్టినాడు. ఆ దినం నుంచి అడగతాండా, దగ్గరికి వచ్చెయ్యమని. ఇప్పుడేమో బెంగుళూరులో అడిగినాను, ఖాళీల్లేవంట అంటాడు. నేను నమ్మలే. ఈయన ఆ పెద్ద జీతం ఇడిసిపెట్టి రాడని నా అనుమానం. రేపు కాణిపాకంలో ప్రమాణం సెయ్యమన్నాను. సేస్తానన్నాడు. అడిగింది మిమ్మల్నే కదా, మీరు కూడా పక్కన ఉండాలని పిల్సినాను."

చేతిలో ఓళిగ ఉంది. అది తింటున్నట్టు నటించాను. ఆ క్షణంలో చెప్పేసి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. చెప్పలేదు. మునిరత్నం ఎప్పుడూ ఇంట్లో ఉండడు, అయినా అతని కోసం ఒక మనిషి దేవుడిదాకా వెళ్తోంది. నేను రోజూ సాయంత్రానికి ఇంట్లో ఉంటాను, మా ఆవిడ తలుపు తీసి ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోతుంది. దాని మీద కూడా కుళ్ళే వచ్చింది నాకు. సిగ్గు ఆ తర్వాత వచ్చింది.

పొద్దున్నే, రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ నంజుకోమని పెట్టారు. ఈ సద్దిసంగటి తింటే ఎండలో చలవ అట. నేను వద్దన్నాను. మర్నాడు పొద్దున్న నాకు డ్యూటీ. విమానం ఎక్కే ముందు మా చేత యంత్రంలోకి గాలి ఊదిస్తారు, తాగామేమోనని. పులిసినదేది తిన్నా మాకు గుండెల్లో దడే. మునిరత్నానికి ఇంకా మూడు రోజుల సెలవుంది. రెండు గిన్నెలు లాగించాడు.

కాణిపాకం

ఐరాల నుంచి కారులో అరగంట కూడా పట్టదు. వినాయకుడి గుడి. ఈ చుట్టుపక్కల పొలం గట్టు తగాదా అయినా, తాగుడు మానే మాటైనా, దొంగతనం అనుమానమైనా చివరికి ఇక్కడికే వస్తుంది. స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అబద్ధం చెబితే స్వామి చూసుకుంటాడని నమ్మకం. మా వైపు ప్రమాణం అంటే తల మీద చెయ్యి వేసుకుని ఒట్టు అంటాం, సాయంత్రానికి మర్చిపోతాం. ఇక్కడ అలా కాదు. మా ముందు ఇద్దరు అన్నదమ్ములు తడిపంచెలతో వణుకుతూ నిలబడి ఉన్నారు. బోరుబావి గొడవట. వాళ్ళలో పెద్దవాడు లోపలిదాకా వచ్చి, తన వల్ల కాదని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అక్కడితో ఆ గొడవ తేలిపోయింది.

మునిరత్నం వంతు వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతులు జోడించి, తొందర లేకుండా, ఒక్కో మాట విడివిడిగా చెప్పాడు.

"బెంగుళూరులో ఖాళీలుండాయా అని ఈయప్పని అడిగినాను. లేవని ఈయప్ప సెప్పినాడు. ఇది నిజం."

విమానాశ్రయం కంట్రోల్ టవర్ వాళ్ళు చెప్పిన మాటను మేం ఒక్క అక్షరం పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి. ఇన్నేళ్ళుగా అదే అలవాటు. అలాగే అప్పజెప్పాడు. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఉన్న అబద్ధమంతా అతనికి రెండడుగుల దూరంలో పొడిబట్టలతో నిలబడి ఉంది.

భువనేశ్వరి కళ్ళు తుడుచుకుంది. భర్త చెయ్యి పట్టుకుని, అనుమానపడినందుకు ఏమనుకోవద్దంది. ఇక అడగనంది. తర్వాత నా దగ్గరికొచ్చి ప్రసాదం మొదట నా చేతిలోనే పెట్టింది. మీరు పని మానుకుని వచ్చినారు, మీ మేలు మర్చిపోను అంది. రెండు చేతులా పుచ్చుకుని కళ్ళకద్దుకున్నాను.

తిరుపతి

సాయంత్రం విమానానికి నన్ను దించడానికి మునిరత్నం ఒక్కడే వచ్చాడు. తిరుపతి చూస్తానని సంబరపడ్డాను గానీ, చూసింది లాడ్జీల బోర్డులు, కొత్త గుండ్లకు పూసిన గంధం, ఆ గుండ్లకు టోపీలు అమ్ముతున్న దుకాణాలు. భోజనానికి ఆగిన హోటల్లో మేనేజరు, కొండెక్కకుండానే పోతున్నారా అని నన్ను నిలదీశాడు. నూట నలభై రూపాయల భోజనం, సాంబారు అరవ పద్ధతిలో ఉంది, పప్పులో ఆవకాయ కలుపుకుందామంటే ఆవకాయే లేదు.

అక్కడ, పెరుగు వడ్డిస్తుండగా, ఇక ఉండబట్టలేక చెప్పేశాను. ఖాళీలున్నాయి, గడువు ఇంకా నాలుగు రోజులుంది, నేను అబద్ధం చెప్పాను అన్నాను. మునిరత్నం పెరుగన్నం కలుపుకుంటూనే ఉన్నాడు.

"తెలుసబ్బా."

మా బ్యాచ్‌లోనే ఇంకొకడు ఆ మెయిల్ వచ్చిన గంటకే అతనికి పంపించాడట. అది చదివాకే నాకు ఫోన్ చేశాడట. మరి తెలిసి నన్నెందుకు అడిగావన్నాను.

"భువన ఎప్పుడో ఒకప్పుడు ప్రమాణానికి తీసకపోతాదని తెలుసు. స్వామి ముందర నేను అబద్ధం సెప్పను. లేదని సెప్పేవోడు ఒకడు కావాల్సి వచ్చె. వేరే ఎవుర్ని అడిగినా ఉండాది, వచ్చెయ్ అంటారు. నువ్వొక్కడివే లేదంటావు."

ఎలా తెలుసని అడగలేదు. ఒకే గదిలో ఉన్నాం కదా.

తర్వాత చెప్పిందంతా నెమ్మదిగా, నేనేదో తమ్ముణ్ణన్నట్టు చెప్పాడు. అంత పెద్ద విమానంలో కెప్టెన్‌గా ఎడమ సీట్లో కూర్చున్నవాడు దిగివచ్చి, నాలాగా రెక్కలకు ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం తోలలేడట. ఇంట్లో పది రోజులుంటే రాజాలా చూస్తారు, రోజూ ఉంటే ఎవరు చూస్తారు, నీకు తెలీదా అన్నాడు. నాకు తెలుసు. అది అతనికి ఎలా తెలిసిందో గానీ, చెంప మీద కొట్టినట్టయింది. బిల్లు కూడా అతనే కట్టాడు.

రేణిగుంట

మొదటిసారి ప్రయాణికుడిలా గేటు ఇవతల నుంచి లోపలికి వెళ్ళాను. సెక్యూరిటీ ఆవిడ, నేను విమానం దిగినప్పుడల్లా నమస్కారం పెట్టే మనిషే. చేతిసంచితో, పసుపు మరకల చొక్కాతో ఉన్న నన్ను గుర్తుపట్టక బెల్టు తీయమంది.

కుర్చీలో కూర్చుని ఉడికిపోయాను. మోసం చేసినవాణ్ణి నేను, మోసపోయినవాణ్ణి కూడా నేనే. అతనికి జీతం మిగిలింది, తోట మిగిలింది, దేవుడి దగ్గర మాట కూడా మిగిలింది. నా కుళ్ళుని కూడా పనిలో పెట్టుకుని దాంతోనే ఇల్లు చక్కబెట్టుకున్నాడు. ఇంత తెలివి నాకెందుకు లేదు?

భువనేశ్వరికి ఫోన్ చేశాను. ఆమె మీద జాలితో చేశానని రాస్తే బాగుంటుంది. సగం జాలి. సగం, అతన్ని ఆ ఎడమ సీట్లోంచి లాగి కింద పడేయాలనే.

"అమ్మా, ఖాళీలున్నాయి. నేను అబద్ధం చెప్పాను."

ఆమె ఎందుకన్నా అని అడిగింది. ఓర్వలేక అన్నాను. ఆమె తిట్టలేదు. వెనక ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది, కాయలు ఎత్తుతున్నట్టున్నారు.

"ఆయనకి తెలుసా అన్నా, ఖాళీలుండాయని?"

తెలుసు అంటే ఆ ఇల్లు ఏమవుతుందో నాకు అర్థమైంది. ఇందాకటి నుంచి కోరుకున్నది అదే. తీరా నోటిదాకా వచ్చేసరికి అనలేకపోయాను. తెలీదమ్మా అన్నాను.

"ఆ మాట స్వామి ముందర నిలబడి సెప్తారా?"

బెంగుళూరు విమానం సిద్ధంగా ఉందని మైకులో పిలుస్తున్నారు. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. ఔనని గానీ కాదని గానీ ఒక్క మాట రాలేదు.

"సరే అన్నా," అంది ఆమె. "జాగర్తగా పోయి రాండి."

నాలుగో రోజు సాయంత్రం, గడువుకు రెండు గంటల ముందు, మునిరత్నం దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చింది. మా కంపెనీకి పంపిన దరఖాస్తు. పలకరింపు లేదు, తిట్టు కూడా లేదు. పేరు, వయసు, ఎగిరిన గంటలు అన్నీ వరసగా నింపాడు. ఈ ఉద్యోగం గురించి మీకు ఎవరి ద్వారా తెలిసింది అన్నచోట నా పేరు ఉంటుందేమోనని చూశాను. 'నా భార్య' అని ఉంది.

మా ఆవిడ పక్క గదిలో ఫోన్ చూసుకుంటోంది. ఆ రెండు మాటలు మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ, మునిరత్నాన్ని చూసి ఇంకొకసారి కుళ్ళుకున్నాను.